రచయిత పక్కన లేని ఆట: మా చిన్న ప్రచురణ సంస్థకు 2025

ఈ సంవత్సరం మూడు పుస్తకాలు తెస్తామని జనవరిలో చెప్పాము. వచ్చినవి ఒకటిన్నర. ఆ ఒకటి, మేము రూపొందించిన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటకు రాసిన 112 పేజీల నియమాల పుస్తకం. ఆ సగం, అచ్చుకు వెళ్లకుండా పీడీఎఫ్‌గా మాత్రమే విడుదలైన 24 పేజీల సాహసం, అంటే ఆ ఆటలో ఆడుకునే ఒక కథ. మూడవది ఇంకా నా బల్ల మీదే ఉంది. మాది ఇద్దరే ఉన్న సంస్థ. నియమాలు, కథనాలు రాయడం నా పని, పేజీల అమరిక నా మిత్రుడి పని. బొమ్మలు వేసేవారికి, ప్రూఫులు దిద్దేవారికి పని చొప్పున చెల్లిస్తాము.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల పరిచయం లేనివారి కోసం ఒక్క మాట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌తో అచ్చులోకి వచ్చిన ఈ రకం ఆటలో ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని లోకాన్ని వర్ణిస్తారు, మిగిలినవారు తమ పాత్రల తరఫున మాట్లాడతారు, ఫలితం తేలనిచోట పాచికలు వేస్తారు. మేము అమ్మేది ఈ వ్యవహారమంతా ఎలా నడపాలో రాసిన కాగితాలను. ఆ కాగితాలు తెరిచే సమయానికి మేము ఆ గదిలో ఉండము. ఈ చిన్న సంగతి నాకు నిజంగా అర్థమైంది ఈ సంవత్సరమే.

అంతకుముందు రెండేళ్లపాటు మా ఆటను నేనే గేమ్ మాస్టర్‌గా ఆడించాను. అన్నీ బాగానే సాగాయి. సాగక ఏమవుతుంది, ప్రతి సందేహానికీ సమాధానం నా నోట్లోనే ఉంటే! మార్చిలో మొదటిసారి, నాకు ఏమాత్రం పరిచయం లేని ఐదుగురికి రాతప్రతి పంపి, మా సాయం లేకుండా ఆడమని, వీలైతే మాటలు రికార్డు చేసి పంపమని కోరాము. మూడు గంటల రికార్డింగు వచ్చింది. అందులో నలభయ్యో నిమిషం దగ్గర ఒక ఆటగాడు తన పాత్ర డాలు ఎత్తుతుందని చెప్పాడు. గేమ్ మాస్టర్ రాతప్రతిలోని వాక్యాన్ని పైకి చదివింది: "డాలు ఎత్తిన పాత్రకు తర్వాతి వంతు వరకు రక్షణ ఉంటుంది."

ఎవరి తర్వాతి వంతు? వెంటనే ఆడబోయే మనిషిదని ఒకరన్నారు. డాలు ఎత్తినవాడి వంతు మళ్లీ మొదలయ్యేదాకా అని మరొకరు, ఆ వంతు ముగిసేదాకా అని ఇంకొకరు వాదించారు. కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేస్తున్న చప్పుడు హెడ్‌ఫోన్లలో స్పష్టంగా వినిపించింది. పదకొండు నిమిషాల తర్వాత ఎవరో, "సరే, ఏదో ఒకటి అనుకుని ఆడేద్దాం" అన్నారు. ఆ మాటలో విసుగు కన్నా జాలే ఎక్కువ వినిపించి నాకు మరింత కష్టం కలిగింది. ఆ వాక్యం రాసింది నేనే, దాన్ని కనీసం ఇరవైసార్లు చదివిందీ నేనే. చదివిన ప్రతిసారీ నా మనసులోని అర్థాన్నే చదువుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దని ఊరికే అనలేదు.

ఇప్పుడు పుస్తకంలో ఆ వాక్యం ఇలా ఉంది: "డాలు ఎత్తిన పాత్రకు, ఆ పాత్ర వంతు మళ్లీ మొదలయ్యేవరకు రక్షణ ఉంటుంది. వంతు మొదలవగానే రక్షణ పోతుంది." అందం తగ్గింది, వాదన తీరింది. ఆ రాత్రే రాతప్రతి మొత్తంలో "వరకు" అన్న మాటను వెదికాను. 43 చోట్ల ఉంది. అందులో 19 చోట్ల ఇదే తగాదాకు అవకాశం ఉంది. ఆ తర్వాత "దగ్గర", "వెంటనే", "ఒకసారి" అన్న మాటల వంతు వచ్చింది. "ఒకసారి" అన్నది ఒక పోరాటానికి ఒకసారా, రోజుకు ఒకసారా, ఆ పాత్ర జీవితం మొత్తానికి ఒకసారా అని అడిగిన ఆటగాడికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండవ బృందం రికార్డింగులో తేలిన లోపం మాటలది కాదు, లెక్కలది. మా ఆటలో ఆటగాళ్లు పాత్ర నైపుణ్యాన్ని బట్టి ఆరు ముఖాల పాచికలను ఒకటి నుంచి నాలుగు దాకా వేస్తారు; అప్పట్లో వాటిలో ఒక్క ఆరైనా పడితేనే గెలుపు. ఒక పాచికతో ఆరు పడే అవకాశం 17 శాతం, రెండింటితో 31 శాతం, మూడింటితో 42 శాతం. పాత్రల్లో చాలావాటికి చాలా పనుల్లో ఉండేవి రెండే పాచికలు. అంటే పదింట ఏడు ప్రయత్నాలు వృథా. వరుసగా నాలుగుసార్లు విఫలమైన ఒక అమ్మాయి ఆ తర్వాత దాదాపు గంటసేపు మాట్లాడనే లేదు. నేను ఆడించిన రోజుల్లో ఈ సంగతి బయటపడకపోవడానికి కారణం ఉంది: ఎవరైనా విఫలమైన ప్రతిసారీ నేను అప్పటికప్పుడు ఏదో ఒక మలుపు కల్పించేవాడిని, తాళం తెరుచుకోకపోయినా లోపల ఎవరో దగ్గినట్టు వినిపించేది. ఆ దగ్గు పుస్తకంలో ఎక్కడా లేదు.

కాబట్టి పద్ధతి మార్చాము. వేసిన పాచికల్లో పెద్ద అంకెనే చూడాలి: ఆరైతే పూర్తి గెలుపు, నాలుగో ఐదో అయితే పని జరుగుతుంది కానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి, మూడు గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే వైఫల్యం. రెండు పాచికలతో పూర్తి గెలుపు అవకాశం మునుపటిలా 31 శాతమే ఉంటుంది. పూర్తి వైఫల్యం మాత్రం 25 శాతానికి దిగుతుంది. మిగిలిన 44 శాతం మూల్యంతో కూడిన గెలుపు. ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదని చెప్పడం న్యాయం. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ దీనికి మంచి ప్రచారం కల్పించింది. మా కష్టమంతా ఆ మూల్యాలను పట్టికలుగా రాయడంలో ఉంది, ఎందుకంటే నా బుర్రలో అప్పటికప్పుడు పుట్టే మలుపులను నేను లేని గదిలోకి పంపాలంటే మరో దారి లేదు.

ఆ పట్టికలు తొమ్మిది పేజీలు తీసుకున్నాయి. మా ముద్రణలో ఫారానికి, అంటే మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీలు. 96 పేజీలతో ఆరు ఫారాల్లో ముగియాల్సిన పుస్తకం 105 అయ్యేసరికి ఏడవ ఫారం తప్పలేదు, అంటే 112. మిగిలిన ఏడు పేజీల్లో నాలుగింటిని పదసూచికకు ఇచ్చాము. మొదటి ప్రణాళికలో లేని ఆ పదసూచికే ఇప్పుడు పాఠకులు ఎక్కువగా మెచ్చుకుంటున్న భాగం; దాన్ని ముందుచూపుతో పెట్టామని చెప్పుకోవాలని ఉంది కానీ, అది ఖాళీ పేజీల చలవ.

పేజీలు పెరిగినందుకు మరో మూల్యం కూడా చెల్లించాము. "ఫలానా పేజీ చూడండి" అన్న సూచనల్లో చాలావాటిని చేత్తో టైపు చేసి ఉంచాము. మధ్యలో తొమ్మిది పేజీలు చేరగానే అవన్నీ తప్పాయి. నా మిత్రుడు రెండు రాత్రులు కూర్చుని సరిచేశాడు. అయినా అచ్చయిన పుస్తకంలో 38వ పేజీలో "విష ప్రభావం కోసం 00వ పేజీ చూడండి" అని ఉండిపోయింది. అంకె తర్వాత నింపుదామని పెట్టిన సున్నాలు అలాగే మిగిలిపోవడం ఈ రంగంలో పాత జోకే, మేమూ ఆ వరుసలో చేరాము. పీడీఎఫ్‌లో వెంటనే దిద్దాము. అచ్చు ప్రతులతో తప్పొప్పుల పట్టిక ఉన్న చిన్న చీటీ పంపాము.

బైండింగు విషయంలో మాత్రం రాజీ పడలేదు. ఆట మధ్యలో రెండు చేతులూ పాచికలకూ పెన్సిలుకూ కావాలి, పుస్తకం బల్ల మీద దానంతటదే తెరుచుకుని ఉండాలి. అందుకే కుట్టు బైండింగు అడిగాము. మొదటి నమూనా ప్రతి జిగురు బైండింగుతో వచ్చింది. 48వ పేజీ దగ్గర గట్టిగా తెరవగానే వెన్ను పటుక్కున విరిగింది. తిరిగి చేయించుకునేసరికి ఐదు వారాలు పోయాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. క్రౌడ్‌ఫండింగ్, అంటే పాఠకుల నుంచి ముందే డబ్బు సేకరించడం, లేకుండా మేము అచ్చు వేయలేము. అలా సేకరించే వేదిక కిక్‌స్టార్టర్ వసూలైన మొత్తంలో 5 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల రుసుము దానికి అదనం. పీడీఎఫ్‌ల విషయంలో వాటిని అమ్మే వెబ్‌సైటు ఇచ్.ఐఓ తన వాటాను అమ్మేవారినే నిర్ణయించుకోనిస్తుంది. జూలైలో అందిస్తామన్న పుస్తకం నవంబరులో అందింది. ఓపిక పట్టినవారికి కృతజ్ఞతలు, పట్టనివారి కోపం న్యాయమైనదే.

తలప్రాణం తోకకు తెచ్చింది రవాణా. 2024 డిసెంబరు 13 నుంచి అమలులోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఉత్పత్తుల భద్రతా నిబంధనల ప్రకారం, అక్కడ అమ్మే వస్తువుకు అక్కడే ఉన్న ఒక బాధ్యుడి పేరు, చిరునామా చూపాలి. ఇద్దరున్న సంస్థకు అక్కడ బాధ్యుడెవరు? రుసుము తీసుకుని ఆ బాధ్యత వహించే సంస్థను వెదకడానికే నెల పట్టింది. మరోవైపు, చైనా సరుకుపై అమెరికా సుంకం ఏప్రిల్‌లో 145 శాతానికి ఎగబాకి మేలో 30కి దిగింది. ఆగస్టు 29తో 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న మినహాయింపు అన్ని దేశాలకూ పోయింది. పుస్తకంతో పాటు ఇస్తామనుకున్న ప్రత్యేక పాచికల జతను అప్పటికే మానుకున్నాము. నిజం చెప్పాలంటే దాని గురించి నాకు పెద్దగా బాధ లేదు. పాచికలు అందరి దగ్గరా ఉంటాయి.

సెప్టెంబరులో మా ఇద్దరి మధ్య ఒక్కటే గట్టి వాదన జరిగింది. నియమాల మూలభాగాన్ని మా పేరు చెబితే చాలు, ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ బై 4.0 లైసెన్సు కింద విడుదల చేద్దామని నేనన్నాను. రెండేళ్ల కష్టాన్ని ఎవరైనా వాడుకుని అమ్ముకోవచ్చు కదా అని నా మిత్రుడు అడ్డుపడ్డాడు. 2023 జనవరిలో ఈ రంగమంతా చూసినదే నా జవాబు: డన్జన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను ఇతరులు వాడుకోనిస్తూ 2000 నుంచి నడుస్తున్న ఓపెన్ గేమ్ లైసెన్సును మార్చే ప్రయత్నం బయటపడగానే, దాని మీద ఆధారపడిన చిన్న ప్రచురణకర్తలంతా కాళ్ల కింద నేల కదిలినట్టయ్యారు, చివరికి ఆ నెలలోనే ఆ ఆట ప్రచురణకర్త విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ తన నియమాల ఆధార పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద పెట్టవలసి వచ్చింది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చాక వెనక్కి తీసుకోలేము. మా నియమాల మీద సాహసం రాసేవారు మా మంచితనాన్ని నమ్ముకోవలసిన అవసరం ఉండకూడదన్నది నా పట్టు. కథలు, బొమ్మలు మావే, నియమాలు అందరివీ అన్న ఒప్పందానికి వచ్చాము. ఇప్పటికి వేరేవాళ్లు రాసిన రెండు సాహసాలు వచ్చాయి. ఒకదానిలో మా డాలు నియమాన్ని నేను ఊహించని విధంగా ఒక తలుపుకు వాడారు.

మూడవ పుస్తకం సముద్రయానం మీద. అందులో ఓడ నడిపే నియమాలు ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను, అయిదవ రాతప్రతి గత వారమే ముగిసింది. జనవరిలో అది మూడు కొత్త బృందాలకు వెళుతుంది. పంపే ముందు "వరకు" అన్న మాట కోసం మళ్లీ వెదికాను. 27 చోట్ల ఉంది. పదిహేను దిద్దాను, మిగిలిన పన్నెండూ నాకు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. అందుకే వాటి కింద ఎర్రగీత గీసి పెట్టుకున్నాను.