వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కాగితం మీద సంతకం పెట్టకుండా నెట్టుకొచ్చాను

నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ ఆఫీసర్‌ని. మాది మదనపల్లె దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో. ఒక కాంట్రాక్టరు బిల్లుకీ మెజర్‌మెంట్ బుక్‌లోని కొలతలకీ పొంతన లేకపోతే అభ్యంతరం రాసి వెనక్కి పంపాను. ఆయన వెనక ఒక నాయకుడున్నాడని ఆఫీసులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

కొన్నాళ్లకు పైఅధికారి గదిలోకి పిలిచారు. "పైనుంచి ఒత్తిడి ఉంది మేడమ్. మీకు సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది, పాత పెన్షన్ వస్తుంది. వీఆర్‌ఎస్ తీసుకుంటే మీకూ ప్రశాంతం, మాకూ ప్రశాంతం" అన్నారు. దరఖాస్తు టైపు చేసి రెడీగా పెట్టారు. నా పేరు, హోదా, "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాటతో సహా. ఆలోచించుకుంటానని బయటికి వచ్చేశాను.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఆయన పెట్టేయమనలేదు, వద్దనీ అనలేదు. మేనమామ మాత్రం ఫోన్ చేసి, మన వైపు నాయకుడొకాయన ఉన్నాడు, ఆయనతో చెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, అంటే 1964 కాండక్ట్ రూల్స్‌లో 20వ రూల్ ప్రకారం ఉద్యోగి తన సర్వీసు విషయాల్లో రాజకీయ పలుకుబడి వాడకూడదు. మన మీద వాడేవాళ్లకు మాత్రం ఆ రూల్ వర్తించదు! మేం సిఫార్సు చేయిస్తే అదే ఇంకో ఛార్జిషీటు.

ధైర్యం చెప్పింది యూనియన్‌లో కడప అన్న. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "నిన్ను తీసేసే దారి వాళ్లకుంటే, నీ సంతకం ఎందుకమ్మా?" రాజ్యాంగంలో 311వ అధికరణ ఉంది. ఆరోపణ ఏమిటో రాసి, విచారణ జరిపి, మన వాదన వినకుండా మామూలుగా డిస్మిస్ చేయడం కుదరదు. ఛార్జిషీటు ఇవ్వాలంటే బిల్లు ఆపడం తప్పని ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టాలి. ఎవరు పెడతారు?

ఆయన చెప్పినట్టే ఒక ఉత్తరం రాశాను. అదే కాండక్ట్ రూల్స్‌లో 3వ రూల్ ప్రకారం పైఅధికారి ఆదేశాలు సాధారణంగా రాతలో ఉండాలి. నోటిమాటగా చెబితే రాతపూర్వకంగా ధ్రువీకరించమని అడగాల్సిన బాధ్యత మనదే. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు కూడా నోటి ఆదేశాలను రికార్డు చేయాలనే చెప్పింది. నేను రాసింది నాలుగు లైన్లే: ఫలానా తేదీన తమ గదిలో వీఆర్‌ఎస్ దరఖాస్తు ఇమ్మని సూచించారు, ఇది ఆదేశమైతే దయచేసి లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. టపాల్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద డైరీ నంబరు, స్టాంపు వేయించుకున్నాను. జవాబు రాలేదు. ఆ టైపు కాగితం కూడా మళ్లీ నాకు కనబడలేదు.

అలాగని వదిలిపెట్టారా అంటే లేదు. యాభై దాటాక సర్వీసు నిబంధనల్లోని 56(జె) రూల్ కింద రివ్యూ చేసి ముందే ఇంటికి పంపొచ్చని కారిడార్లో వినబడేలా మాట్లాడేవాళ్లు. నాకు నిజంగా నిద్ర పట్టనిది దీనికే. నాలాంటి గ్రూప్ బి వాళ్లకు, 35 ఏళ్ల వయసులోపు సర్వీసులో చేరి ఉంటే, 50 దాటాక ఆ రూల్ వర్తిస్తుంది. అయితే నిజాయితీ మీద అనుమానమో, పని చేతకాకపోవడమో కారణంగా ఉండాలి. అందుకు సర్వీసు రికార్డు మొత్తం చూడాలి. ఆ రికార్డు పాడుచేయడానికే కాబోలు, ఆ ఏడాది ఏపీఏఆర్‌లో (పనితీరు మీద పైఅధికారి ఏటా రాసే నివేదిక) "వెరీ గుడ్" కాస్తా "గుడ్" అయింది.

"గుడ్" అంటే మంచిదే కదా అని ఊరుకుంటే అంతే సంగతులు. సరిహద్దు రోడ్ల ఇంజనీరు దేవ్ దత్ కేసు సరిగ్గా ఇదే. ప్రమోషన్‌కు "వెరీ గుడ్" కావాల్సినచోట ఆయనకు తెలియకుండా "గుడ్" రాశారు. ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలపాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలిపాక మనకు 15 రోజులే గడువు. ఒత్తిడి గురించి ఒక్క మాటా రాయకుండా, ఏడాదిలో చూసిన ఫైళ్లు, ఆడిట్ అభ్యంతరాలకు ఇచ్చిన జవాబులు, వాటి తేదీలు మాత్రమే పెట్టాను. గ్రేడింగ్ తిరిగి పెంచారు.

చివరికి హుబ్బళ్లికి బదిలీ చేశారు. కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్ క్యాట్‌కు బెంగళూరు ఇందిరానగర్‌లో బెంచ్ ఉంది, దరఖాస్తు ఫీజు 50 రూపాయలే. వకీలు ఫీజు సంగతి వేరే చెప్పాలా! దురుద్దేశం గట్టిగా రుజువైతే తప్ప బదిలీల్లో ట్రిబ్యునల్ జోక్యం చేసుకోదని వకీలుగారు ముందే చెప్పేశారు. వెళ్లి చేరాను. ఓడిపోయావు కదా అన్నవాళ్లున్నారు. వాళ్లకు కావాల్సింది వీఆర్‌ఎస్ కాగితం మీద నా సంతకం, అది దొరకలేదు.

ఈ మధ్య చెన్నైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమే చేస్తున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, వాళ్ల బలవంతం మీద నేను సంతకం పెట్టేశాను." వీఆర్‌ఎస్ నోటీసు గడువు మూడు నెలలు, ఇంకా నెల మిగిలుంది. 1987 నాటి బలరామ్ గుప్తా కేసు కాపీ పంపాను. రిటైర్మెంట్ అమల్లోకి వచ్చే తేదీకి ముందే నోటీసు వెనక్కి తీసుకుంటానంటే, సరైన కారణం లేకుండా కాదనకూడదని అందులో ఉంది. వాడు మర్నాడే ఉపసంహరణ ఉత్తరం ఇచ్చి స్టాంపు వేయించుకున్నాడు. ఆర్డరు ఇంకా రాలేదు. ఈలోగా ఇంకో కాగితం మీద సంతకం అడుగుతున్నారట.