అమ్మ ప్రయాణం లోపు సాల్మన్లు వస్తాయా

ఈ రోజంతా తలలో ఒకటే లెక్క తిరిగింది. ఇస్సక్వా వాగులోకి సాల్మన్ చేపలు ఎప్పుడు ఎక్కుతాయి, అమ్మ తిరుగు ప్రయాణం లోపు ఎక్కుతాయా లేదా.

అమ్మ ఎండాకాలం నుంచి చెల్లె దగ్గరే ఉంది, అమెరికాలో సియాటిల్ పక్కన ఇస్సక్వాలో. ఈసారి బతుకమ్మ సెప్టెంబర్‌లోనే పడింది. ఎంగిలిపూల నాటికి నల్లగొండలో ఉండాల్సిందేనని పట్టుబట్టి అంతకు ముందుకే టికెట్ చేయించుకుంది. చెల్లె మాత్రం అక్టోబర్ దాకా ఉండమని బతిమాలుతోంది. అక్టోబర్ మొదటి శని, ఆదివారాల్లో వాళ్ళ ఊళ్ళో సాల్మన్ డేస్ అని జాతర చేస్తారు, ఆ రోజులకి ఊరి మధ్య నుంచి పారే వాగులో చేపలు బాగా కనిపిస్తాయి. అమ్మకి జాతర అక్కర్లేదు, చేపలు కావాలి. కల్వకుర్తి దిక్కు దుందుభి వాగు పక్కన పుట్టి పెరిగిన మనిషి, వానాకాలం మొదట్లో చేపలు ఎదురెక్కడం చిన్నప్పటి నుంచి చూసింది. సముద్రం నుంచి అన్ని మైళ్ళు ఎదురీది పుట్టిన వాగుకే వచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోయే చేప ఉందని చెల్లె చెప్పినప్పటి నుంచి ఆమెకి ఇంకో ధ్యాస లేదు. పొద్దున ఫోన్‌లో నన్ను పట్టుకుంది. "నువ్వు గా కంప్యూటర్ల జూసి చెప్పరాదురా, నేనొచ్చే లోపల ఎక్కుతయా ఎక్కవా?"

చూశాను. ఆఫీసుకి పోయే ముందు, మధ్యాహ్నం బాక్స్ తెరిచి తినేటప్పుడు, సాయంత్రం బస్సులో కూడా అదే పని.

ముందు తెలిసింది ఏంటంటే, ఎన్ని చేపలు వస్తాయన్నది ఒక లెక్క, ఎప్పుడు వస్తాయన్నది వేరే లెక్క. మొదటిదానికి అక్కడి వాళ్ళకి మంచి పద్ధతులే ఉన్నాయి. సాల్మన్ మగ చేపల్లో కొన్ని తోటి చేపలకంటే ముందే, చిన్న సైజులోనే తిరిగి వచ్చేస్తాయి. వాటిని జాక్‌లు అంటారు. ఈ ఏడాది జాక్‌లు ఎక్కువ కనిపిస్తే వాటి ఈడు చేపలు సముద్రంలో బాగానే బతికాయని అర్థం, కాబట్టి వచ్చే ఏడాది పెద్ద చేపలు బాగా వస్తాయని అంచనా వేస్తారు. కొలంబియా నదిమీద బోనెవిల్ డ్యామ్ దగ్గరైతే 1938 నుంచి, డ్యామ్ దాటడానికి చేపల కోసం కట్టిన మెట్లు ఎక్కే చేపల్ని లెక్కపెడుతూనే ఉన్నారు. అన్నేళ్ళ లెక్కలు ముందు పెట్టుకుంటే ఏ జాతి ఏ నెలలో వస్తుందో చెప్పడం కష్టం కాదు. కానీ అమ్మకి కావాల్సింది నెల కాదు, వారం. అక్కడే చిక్కు.

సాయంత్రం ఇంటికి పోకుండా పానగల్ ఉదయసముద్రం కట్ట మీదికి పోయాను. విసురువల ఆరేసుకుంటూ సొసైటీ పెద్దాయన ఒకాయన కనిపించాడు, ముఖపరిచయం ఉన్న మనిషే. పక్కన కూర్చుని అడిగాను. "కాకా, చాపలు ఎదురెక్కేది ముందుగాల ఎట్ల తెలుస్తది?"

"తారీఖు జూస్తె తెల్వది బిడ్డా. కార్తె వచ్చిందా, కడుపుల గుడ్లు నిండినయా, గది ముందుగాల జూడాలె. ఆ తర్వాత నీళ్ళ రంగు జూడాలె. ఎగువకెళ్ళి ఎర్రనీళ్ళు దిగినయంటె ఆ రాత్రికే ఎక్కుతయి. దిగకపోతె నెలైనా గాడనే ఉంటయి."

ఈ చెరువులోకి వచ్చేది ఎక్కువగా సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి కాలువల్లో పంపే నీళ్ళు కదా, దానికి కూడా ఎక్కుతాయా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కాలువ నీళ్ళకి చేప కదులుతుంది గానీ వాన నీళ్ళకి పడినంత తొందర పడదట. వాన నీళ్ళు చల్లగా ఉంటాయి, మట్టి వాసన మోసుకొస్తాయి, ఒక్కసారిగా ఉరుకుతాయి. కాలువ నీళ్ళలో అవేవీ ఉండవు అన్నాడు.

ఆయన చెప్పిన ఆ మూడూ, చల్లదనం, వాసన, ఉరుకు, సాల్మన్ల గురించి నేను పొద్దుటి నుంచి చదువుతున్నవే. సాల్మన్లలో చినూక్, కోహో అనే జాతుల చేపలు వాగు మొగదల దగ్గరికి వచ్చి ఆగుతాయి. నీళ్ళు వెచ్చగా, తక్కువగా ఉంటే లోపలికి రావు, 20 డిగ్రీలు దాటిన నీళ్ళంటే వాటికి గండమే. వేసవి వేడికి, అవి దాటి రావాల్సిన సియాటిల్ ఓడల కాలువలో పైనీళ్ళు ఆ మాత్రం వేడెక్కుతూనే ఉంటాయి. సెప్టెంబర్‌లో పొద్దు కురచై, రాత్రులు చల్లబడి, మొదటి గట్టి వాన పడి వాగు లేచిందంటే అప్పుడు కదులుతాయి. కోహోలైతే మరీ వాన కోసమే కాచుకుని ఉంటాయి. ఇక వాసన. 1950ల్లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆర్థర్ హాస్లర్ అనే ఆయన సాల్మన్ తను పుట్టిన వాగుని వాసనతో గుర్తుపడుతుందని చెప్పాడు. తర్వాత ఆయన బృందం కోహో పిల్లల్ని మార్ఫొలిన్ అనే రసాయనం వాసన అలవాటయ్యేలా పెంచి మిషిగన్ సరస్సులో వదిలింది. అవి పెద్దయ్యాక, అదే రసాయనం కలిపిన వాగుని వెతుక్కుంటూ వచ్చాయి. వానకి వాగు లేచినప్పుడు ఆ వాసన ఇంకా దూరం దాకా పోతుంది మరి.

లోపల చేప సిద్ధపడటం ఒకటి, బయట నీళ్ళు పిలవటం ఇంకొకటి. రెండూ కలిసిన రోజే ఎదురెక్కడం మొదలు. మన రవ్వ, బొచ్చె చెరువులో ఎంత పెరిగినా, కడుపులో గుడ్లు నిండినా నిలవ నీళ్ళలో పెట్టవు, పారే వరద కావాలి. వరద రాకపోతే ఆ గుడ్లు ఒంట్లోనే కరిగిపోతాయి. అందుకే ఒకప్పుడు విత్తన చేపల కోసం నదుల మీద పడేవాళ్ళు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారం సూదితో ఎక్కించి చేపలతో గుడ్లు పెట్టించాక గానీ ఆ బాధ తీరలేదు. వరద చేసే పనిని సూది చేసిందన్నమాట. ఇవాళ మన చెరువుల్లో సొసైటీల వాళ్ళు వదిలే రవ్వ పిల్లలు చాలావరకు అలా పుట్టినవే. ఆ తారీఖుని దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుకుంటారు, జరుపుకోవాలి కూడా.

సాల్మన్‌కి మాత్రం ఈసారి కాకపోతే వచ్చే వానకాలం అనే వీలు లేదు. మంచినీళ్ళలోకి వచ్చాక తిండి మానేస్తుంది. సముద్రంలో తిని పెంచుకున్న కొవ్వు మీదే ఎదురీత, గూడు తవ్వడం, గుడ్లు పెట్టడం, ఆ తర్వాత చావు. అందుకే వాన ఆలస్యమై మొగదల దగ్గర కాచుకునే ప్రతి రోజూ దానికి ఒంట్లోంచి ఖర్చయ్యే రోజే. ఇది చదివాక వీటి రాక గురించి నాకూ టెన్షన్ పట్టుకుంది, అమ్మ టికెట్ సంగతి పక్కనపెట్టి. ఇస్సక్వాలో చెల్లె వాళ్ళ దిక్కు ఈ వారమంతా ఎండే అని ఫోన్ చూపిస్తోంది.

కాక మాటల్లోంచే నాకు ఇంకో దారి తట్టింది. ఎక్కే చోట కాచుకుంటే రోజు చెప్పలేం, ఆగే చోటికి పోతే చూడొచ్చు. ఆయన కూడా అంతే చేస్తాడట, అలుగు పారడానికి ముందు కింద మడుగు చూసి వస్తాడు, అందులో చేప గుమిగూడిందంటే మిగతాది వాన చూసుకుంటుంది.

ఇస్సక్వా వాగుకి రావాల్సిన ప్రతి సాల్మన్ ముందు సియాటిల్‌లో బల్లార్డ్ లాక్స్ దాటాలి. 1917లో తెరిచిన ఓడల గేట్లు అవి, ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య హద్దు. పక్కనే చేపల కోసం 21 మెట్లు కట్టారు. మెట్ల పక్కన గదిలో అద్దాల కిటికీలుంటాయి, చేప ఎక్కుతుంటే జానెడు దూరం నుంచి చూడొచ్చు. అక్కడి రాక వాగు కంటే చాలా నిలకడ. సాకై అనే ఇంకో జాతి జులైలో, చినూక్ ఆగస్టు చివర్లో, కోహో సెప్టెంబర్ చివర్లో జోరుగా ఉంటాయి. అక్కడి నుంచి వాషింగ్టన్ సరస్సు, సమామిష్ ఏరు, సమామిష్ సరస్సు దాటుకుని, నీళ్ళు చల్లబడేదాకా ఆగుతూ ఆగుతూ ఇస్సక్వా చేరతాయి. ఇప్పుడు పుబ్బ కార్తె నడుస్తోంది, అంటే సెప్టెంబర్ మొదటి వారం. చినూక్ జోరు తగ్గి ఉంటుంది గానీ ఆగిపోదు, కోహోలు మొదలయ్యే వేళ. అమ్మ అద్దంలోంచి రెండు జాతులూ చూసే అవకాశం ఉంది.

చెల్లెకి ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. ఈ శనివారం అమ్మని బల్లార్డ్ తీసుకుపొమ్మని, ఈలోపు ఎప్పుడైనా రాత్రి గట్టి వాన పడితే మాత్రం తెల్లారి ఇంకేం పని పెట్టుకోకుండా ఇస్సక్వా హేచరీ (చేప పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రం) దగ్గర వంతెన మీదికి తీసుకుపొమ్మని. 1936లో కట్టిన హేచరీ అది, ఊళ్ళోనే ఉంది, చెల్లె ఇంటికి పది నిమిషాల దూరం. వాగు నీటిమట్టం ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది కదా, ఆ లింక్ కూడా పంపాను, గీత పైకి లేస్తే బయల్దేరండి అని.

రాత్రి అమ్మ తిరిగి ఫోన్ చేసింది. శనివారం ఖాయం అంది. అద్దాల కాడ ఎంతసేపు నిలబడాలి, మోకాళ్ళు ఒప్పుకోవు గదరా అని అడిగింది. చెల్లెకి చెప్పి కారులో మడత కుర్చీ వేయించాను.