ట్రెయిలర్ తగిలించి చూడు

"నీ ఎక్సెల్ షీటుకి ట్రెయిలర్ తగిలించి చూడు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు మా ఫోర్‌మన్, మీటింగులో అందరి ముందూ. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా మేనేజరు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

హ్యూస్టన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో బళ్ల లెక్కలు చూడటం నా పని. ఏ ట్రక్కు ఎంత తిరిగింది, ఎంత గ్యాస్ (ఇక్కడ పెట్రోలును అలాగే అంటారు) తాగింది, దేన్ని ఎప్పుడు అమ్మేయాలి, ఇవన్నీ నా దగ్గరే ఉంటాయి. మా పికప్పుల్లో, అంటే వెనక తొట్టి ఉండే ట్రక్కుల్లో, కొన్నిటిని ఎలక్ట్రిక్‌కి మారిస్తే ఏం మిగులుతుందో కూడి, తీసి, పట్టుకెళ్లాను. ఫోర్‌మన్ మొదటి పేజీ కూడా తిప్పకుండా, బండి వెనక కట్టి బరువులు లాగే ట్రెయిలర్ మాట ఎత్తాడు. ఆ మాటకంటే దాని వెనకున్న చూపు ఎక్కువ మండించింది. ఏసీ గదిలో కూర్చునే ఇండియావాడికి బరువు సంగతి ఏం తెలుసు అన్నట్టుంది. లారీ మీద బతికిన ఇల్లు మాది. ఓవర్‌లోడ్ బండి ఎత్తు ఎక్కుతుంటే చప్పుడు విని ఎన్ని టన్నులు ఎక్కించారో చెప్పేవాడు మా నాన్న. ఆ మాట అక్కడ అనలేదు. ఫోర్‌మన్‌కు అరవై దాటాయి, నాకేమో పెద్దవాళ్లకు నలుగురిలో ఎదురు చెప్పే అలవాటు ఇన్నేళ్లయినా రాలేదు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నా.

పికప్ అనగానే ఈ దేశంలో అందరికీ బరువులు లాగే బండే కళ్ల ముందుకొస్తుంది. 1977 నుంచీ ఇక్కడ ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-సిరీస్. మా యార్డులోనూ అవే ఎక్కువ. కానీ మా సూపర్‌వైజర్ల బళ్ల వెనక ఏముంటుందో రోజూ చూస్తున్నవాణ్ణి: ఒక హెల్మెట్టు, చుట్టిన డ్రాయింగులు, మంచినీళ్ల కూలరు. పొద్దున ఊరి శివారు కేటీ నుంచి సైటుకి, సాయంత్రం సైటు నుంచి కేటీకి. మధ్యలో ఎండకు తాళలేక ట్రక్కులోనే కూర్చుని, ఇంజన్ ఆపకుండా ఏసీ వేసుకుని గంటల తరబడి ఫోన్లు. బండి అంగుళం కదలదు, గ్యాస్ మాత్రం అయిపోతూ ఉంటుంది. ఫోర్డ్ వాళ్ల ఎలక్ట్రిక్ పికప్ ఎఫ్-150 లైట్నింగులో చిన్న బ్యాటరీదైనా ఒక ఛార్జికి 240 మైళ్ల దాకా వస్తుంది. రాత్రి యార్డులో ప్లగ్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది, ఏసీకి అది ఖర్చు చేసే కరెంటు లెక్కలోకి రాదు, ఇంజన్ ఆయిల్ మార్చే గొడవ లేదు. ఎలక్ట్రిక్ బళ్లవాళ్లు గ్యాస్ మీద పన్ను కట్టట్లేదని టెక్సస్ ప్రభుత్వం వాళ్ల దగ్గర 2023 సెప్టెంబరు నుంచి ఏటా 200 డాలర్లు అదనంగా గుంజుతోంది. అది కలిపినా నా లెక్కలో నష్టం రాలేదు.

ఆ ట్రక్కుకి ఇంకో గుణం ఉంది. పెద్ద రకాల్లో ఒళ్లంతా కరెంటు ప్లగ్గులే, మొత్తం 9.6 కిలోవాట్లు ఇస్తాయి. రంపాలు, డ్రిల్లులు, లైట్లు అన్నీ దాని నుంచే నడుస్తాయి. పరీక్షకని తెచ్చుకున్నది ఒకటి మా దగ్గర ఉంది. 2024 జులైలో బెరిల్ తుపాను వచ్చి ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయినప్పుడు దాన్ని ఇంటికి పట్టుకుపోయింది ఎవరనుకున్నారు? ఈ ఫోర్‌మనే. వేటాడి తెచ్చుకున్న జింక మాంసం డీప్ ఫ్రీజరు నిండా ఉందట. కరెంటు వచ్చాక బండి శుభ్రంగా కడిగి తెచ్చి, తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత ఒక్క మాట లేదు!

సరే, ఆయన అన్న ట్రెయిలర్ దగ్గరికే వద్దాం.

మా సిబ్బంది మినీ ఎక్స్‌కవేటర్లు, అంటే బుల్లి పొక్లెయిన్లు, ట్రెయిలర్ మీద వేసుకుని పక్క ఊరు బోమాంట్ వెళ్తుంటారు. వెళ్లిరావడం 170 మైళ్లు. లైట్నింగులో పెద్ద బ్యాటరీది 10,000 పౌండ్లు లాగగలదు. లాగడంలో దానికి వంక పెట్టలేం, ఆగిన చోటు నుంచి బరువును లేపే తీరు చూస్తే గ్యాస్ ట్రక్కు దాని ముందు దిగదుడుపే. కానీ ఖాళీగా 320 మైళ్లు పోయే ఆ బండి అంత బరువు తగిలిస్తే సగానికో, అంతకంటే కిందికో పడిపోతుంది. 170లో పదీ పదిహేను మైళ్ల ముందే ఆగిపోతే ఆ ట్రక్కు ఎందుకు?

అయితే గ్యాస్ ట్రక్కు పడిపోదా? అదీ సగానికే పడుతుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. ఒక గ్యాలన్ గ్యాస్‌లో ఉండే శక్తి 33.7 కిలోవాట్ అవర్లు (మన కరెంటు బిల్లులో యూనిట్లు). లైట్నింగు పెద్ద బ్యాటరీ 131. అంటే మొత్తం కలిపినా నాలుగు గ్యాలన్లు కూడా లేదు! ఆ నాలుగు గ్యాలన్లతో గ్యాస్ ట్రక్కు పోయేది దాదాపు 80 మైళ్లు, ఇది 320 పోతోంది. పొదుపుగా వాడుకోవడం వల్లే ఇంత దూరం వస్తోంది. గాలి ఎదురు తన్నే పెట్టెనో యంత్రాన్నో వెనక కట్టినప్పుడు పొదుపు ఆదుకోదు, నిల్వ ఉండాలి. గ్యాస్ ట్రక్కులో 36 గ్యాలన్ల ట్యాంకు దొరుకుతుంది. దాన్లో ఎక్కువ భాగం వేడిగా గాల్లో కలిసినా, బోమాంట్ వెళ్లొచ్చాక ఇంకా మిగులుతుంది. అయిపోయినా నింపడానికి అయిదు నిమిషాలు.

ఛార్జింగు చోట్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అవి చాలావరకు కార్లు ముక్కు పెట్టి నిలబడేలా కట్టినవి. వెనక ట్రెయిలర్ ఉంటే ఆ గడిలో పట్టదు. కాబట్టి పార్కింగు మూలకు తీసుకెళ్లి, జాక్ దించి, గొలుసులు విప్పి, లైట్ల వైరు పీకి, ట్రక్కు ఒక్కదాన్నే ఛార్జరు దగ్గరికి తీసుకెళ్లాలి. ముప్పావు గంట తర్వాత తిరిగొచ్చి, వెనక్కి వెనక్కి వస్తూ ట్రక్కు వెనకున్న ఇనప బంతిని సరిగ్గా ట్రెయిలర్ ముందున్న కప్పు కిందికి తెచ్చి మళ్లీ బిగించాలి. ఆగస్టు మధ్యాహ్నం హ్యూస్టన్ తారు మీద ఆ గొలుసులు చేత్తో ముట్టుకోలేం. కింద వంగి ఆ పని చేసేది నేను కాదు, వాళ్లు. ఫోర్‌మన్ మాటలో న్యాయం ఉన్నది ఈ ఒక్క చోటే.

పెద్ద బ్యాటరీ పెడితే పోలా అంటారు. పెట్టారు. షెవర్లే సిల్వరాడో ఈవీలో 200 కిలోవాట్ అవర్లు దాటిన బ్యాటరీ ఉంది, 450 మైళ్లు పోయే రకం వచ్చింది. జీఎంసీ హమ్మర్ ఈవీ బరువు 9,000 పౌండ్లు దాటింది, అందులో బ్యాటరీయే మూడో వంతుకి దగ్గర. బరువు లాగడానికి కొన్న బండి తన బరువే మోసుకు తిరుగుతోంది.

నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. ఒకే బండి ఆఫీసుకీ రావాలి, పాలూ తేవాలి, పడవా లాగాలి, ఎప్పుడో కొలరాడో కొండలూ ఎక్కాలి! మనూళ్లో ఇసక కావాలంటే ట్రాక్టరు పిలుస్తాం, బీరువాకి ట్రాలీ ఆటో, ఇల్లు మారితే డీసీఎం. బరువును బట్టి బండి, ఆ పూటకే కిరాయి. అలాంటి బుల్లి బండి ఇక్కడికి రావడానికీ దారి లేదు. యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద పన్ను పెంచారన్న కోపంతో, 1964 నుంచి బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసి కూర్చున్నారు. కోళ్ల తగాదా ఎప్పుడో పోయింది, సుంకం పోలేదు.

ఈ గోడు అంతా మా ఆవిడ దగ్గర వెళ్లబోసుకుంటే, "మనం అయిదు బెడ్‌రూముల ఇల్లు ఎందుకు కొన్నాం?" అంది. అత్తయ్యా మావయ్యా వస్తే ఉండాలి కదా అనే కొన్నాం. వాళ్లు వచ్చేది ఎండాకాలం, నెల తిరక్కుండానే ఊరి మీద బెంగ. ఏడాదంతా ఆ గదికి ఏసీ, ఆ గదికి ఈఎంఐ. ట్రక్కుకీ దీనికీ సంబంధం లేదని గట్టిగానే వాదించాను.

కంపెనీలు మాత్రం జనం వైపే మొగ్గాయి. 2021లో 40 వేల డాలర్ల లోపే అని ఊరించిన లైట్నింగు ధర రెండేళ్లలో 60 వేల అంచుకు చేరింది. ఎలక్ట్రిక్ బండి కొంటే వచ్చే 7,500 డాలర్ల ఫెడరల్ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. అదే నెలలో రామ్ అనే ట్రక్కుల కంపెనీ తన పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌ను రద్దు చేసుకుంది, డిసెంబరులో ఫోర్డ్ కూడా లైట్నింగు తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఇద్దరూ ఇప్పుడు చక్రాలను కరెంటుతో తిప్పి, బ్యాటరీ నింపడానికి లోపల గ్యాస్ జనరేటరు పెట్టే రకం వైపు వెళ్తున్నారు. ట్రెయిలర్ లాగేవాళ్లకు అది నిజంగానే పనికొస్తుంది. హెల్మెట్టూ కూలరూ మోసే ట్రక్కుకి అది ఎందుకో నాకు అర్థం కాదు.

షీటు మళ్లీ పంపాను. అంకెలు మార్చలేదు, బళ్లను విడగొట్టానంతే. సూపర్‌వైజర్ల ట్రక్కులు పాతబడినకొద్దీ ఎలక్ట్రిక్, దొరికితే సెకండ్ హ్యాండ్‌వి. ట్రెయిలర్ కట్టేవి ఉన్నవి ఉన్నట్టే గ్యాస్. ఫోర్‌మన్ ఈసారి పేజీలు తిప్పాడు. తన వాళ్ల బళ్లు ముట్టుకోలేదని చూసుకుని సంతకం పెట్టాడు. పక్కన పెన్నుతో ఒక షరతు రాశాడు: ఆ పరీక్ష ట్రక్కును జూన్ నుంచి నవంబరు దాకా, అంటే తుపాన్ల కాలమంతా, ఏ సైటుకీ పంపకుండా యార్డులోనే ఉంచాలట.