ఊరికే

మా పెద్దమ్మాయి ఆరో తరగతి. పోయిన అక్టోబరులో టీచరుతో మాట్లాడడానికి బడికి వెళ్తే, ఆవిడ ఒక ఫోల్డరు నా ముందు పెట్టారు. ఐదు రచనలు. ఐదింటిలోనూ ఒకటే మధ్యాహ్నం. అమలాపురంలో మా అమ్మ ఇల్లు, వసారాలో ఉయ్యాల బల్ల, కరెంటు పోయింది, అమ్మమ్మ విసనకర్ర విసురుతూ విసురుతూ తనే నిద్రపోయింది. ఒకసారి అది కథ, ఒకసారి కవిత, ఇంకోసారి నచ్చిన చోటు గురించి వ్యాసం. "చక్కగా రాస్తుంది, కాకపోతే ఏదైనా కొత్త విషయం ఎంచుకోమనండి" అన్నారు. సరేనన్నాను. కారెక్కాక పిల్లకి ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నం నాకు తెలుసు. రెండేళ్ల కిందట మే నెలాఖరున ఇక్కడ అమెరికాలో బడులు మూసెయ్యగానే ఊరెళ్లాం. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా కదిలేది కాదు. భోజనాలయ్యాక ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయేవాళ్లు. మొదటిరోజు పిల్ల వచ్చి "ఇప్పుడు ఏం చెయ్యాలి?" అంది. "ఏమీ వద్దే అమ్మలూ, ఊరికే పడుకో" అంది మా అమ్మ. ఊరికే అంటే ఏమిటని నన్నడిగింది. ఇంగ్లీషులో చెబుదామని చూశాను, మాట దొరకలేదు. పని లేకుండా, కారణం లేకుండా, డబ్బు తీసుకోకుండా, అన్నిటికీ అదే మాట కదా. వారం తిరిగేసరికి ఎవరేం అడిగినా దాని జవాబు ఒకటే. "ఊరికే."

ఇక్కడ డాలస్ పక్కన, ఫ్రిస్కోలో, మా శనివారాలు వేరు. ఎనిమిదిన్నరకి లెక్కల క్లాసు, పదింటికి భరతనాట్యం, మధ్యాహ్నం స్పెల్లింగ్ కోచింగ్, చిన్నవాడికి చెస్, సాయంత్రం ఈత. అన్నం కార్లోనే, డబ్బాలో పెరుగన్నం. ఆదివారం తెలుగు బడి. ఎక్కు, దిగు, నీళ్లు తాగు, త్వరగా. రోజు మొత్తమ్మీద మేం మాట్లాడుకున్న తెలుగు అంతే. తెలుగు బడికి దింపే తొందరలో పిల్లల్ని ఇంగ్లీషులో కసురుకున్న రోజులున్నాయి.

ఎందుకలా నింపానో నాకు తెలుసు. నేను 2010లో హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నాయన భార్యగా వచ్చాను. చేతిలో ఎంసీఏ ఉంది, పని చేసే హక్కు లేదు. 2015 మేలో నిబంధన మారాక గాని, ఐ-140, అంటే కంపెనీ పెట్టే గ్రీన్‌కార్డు దరఖాస్తు, ఆమోదమైనవాళ్ల భార్యాభర్తలకు ఉద్యోగం చేసుకునే వీలు రాలేదు. ఆ ఐదేళ్లూ ఎవరైనా ఫోన్ చేసి "నువ్వు ఖాళీయేగా" అంటే గుండెలో కలుక్కుమనేది. మా ఆయనది ఇంకో భయం. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మిగిలేది మహా అయితే 60 రోజులు, ఈలోగా ఇంకో కంపెనీ దొరకాలి. అలాంటి ఇంట్లో ఎవరు ఊరికే కూర్చున్నా కంగారు పుడుతుంది. ఆ కంగారునే పిల్లల శనివారాల్లోకి తోశాం. నా మీద పడ్డ ఖాళీ వేరు, పిల్ల కోరుకుంటున్న ఖాళీ వేరు. ఆ ఐదు కాగితాలూ చదివేదాకా ఆ తేడా నా బుర్రకెక్కలేదు.

లెక్కలు, స్పెల్లింగ్, చెస్ మాన్పించాం. నాట్యం ఉంచమని తనే అడిగింది. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరికీ ఏ పనీ పెట్టకూడదనుకున్నాం. మొదటి నెల కష్టంగా గడిచింది. చిన్నవాడు టాబ్లెట్ కోసం ఏడ్చాడు. మా ఆయన లాప్‌టాప్ తెరిచి మూసి, మళ్లీ తెరిచేవారు. ఒక శనివారం చాప మీద పడుకుని ఫ్యాను చూస్తూ చూస్తూ చిన్నవాడు అడిగాడు, "అమ్మా, నీ చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఏం చేసేదానివి?" మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే. తాటి ముంజెల్లో బొటనవేలు గుచ్చి నీళ్లు పీల్చడం, తిన్నాక ఆ కాయలకి పుల్ల దూర్చి బండి చేసుకోవడం చెప్పాను. చెబుతూనే నిద్రపోయాను. లేచేసరికి నా మీద దుప్పటి కప్పి ఉంది.

ఈ మధ్య అలాంటి ఒక మధ్యాహ్నమే పెద్దదానికి అల్లసాని పెద్దన పేరుమీద చెప్పుకునే చాటువు చెప్పాను. అడ్డంకుల్లేని చోటు, కర్పూర తాంబూలం, ఇంపైన భోజనం, ఉయ్యాల మంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, ఇవన్నీ దొరికితే గాని ఊరక కావ్యం రాయమంటే అవుతుందా అంటాడాయన. మిగతావి దానికి పట్టలేదు. "ఆయనకీ ఉయ్యాల కావాలా?" అంది, కళ్లు ఇంతింత చేసుకుని.

ఆ రాత్రి ఫోల్డరు మళ్లీ తీశాను. ఐదూ ఒకటే అనుకున్నాను గాని, కాదు. మొదటిదాంట్లో ఉన్నది ఉక్క, చెమట. రెండోదాంట్లో ఉయ్యాల గొలుసు. మూడోదాంట్లో అమ్మమ్మ గాజులు వదులై మోచేతిదాకా జారడం చూసింది. ఐదోదాంట్లో, అమ్మమ్మ తెల్లారుజామున లేచి మా కోసం వండి అలిసిపోయిందని, అందుకే విసనకర్ర ఆగిందని రాసింది. ఆ మాట నేను కూడా గమనించలేదు. దేశం దాటి వచ్చి రాసేవాళ్లం ఎప్పుడూ అమ్మ, ఊరు, ఆవకాయేనా అని చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం ఇంకా చూడాల్సింది మిగిలే ఉంది, అందుకే వెళ్తోంది పిల్ల.

మొన్న శనివారం రాత్రి తొమ్మిదింటికి, అక్కడ ఆదివారం పొద్దున్న ఏడున్నర, అమ్మకి ఫోన్ చేసింది. ఆరోది రాస్తోందట. "అమ్మమ్మా, ఉయ్యాల గొలుసు ఎలా చప్పుడు చేస్తుంది?" అంది. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, వసారాలోకి నడిచి, ఫోన్ బల్ల మీద ఉంచి, కాలితో చిన్నగా తోసింది. కిర్రు, కిర్రు. మేం నలుగురం మాట్లాడకుండా విన్నాం.