ఎవరు ఎందులో పంపారు?

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి చుట్టాలు ఎక్కువ. బాలాజీ కాలనీలో ఉండే మా పెద్దనాయనకైతే మరీను. దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు కాబట్టి, ఆ తేదీ దగ్గరపడేసరికి చెన్నై నుంచి డల్లాస్ దాకా అందరికీ ఆయన గుర్తొస్తాడు. పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు, అమెరికావాళ్ళయితే పాస్‌పోర్టు నంబర్లు, ఎవరికి అలవాటైనదాంట్లో వాళ్ళు పంపేస్తారు. వెతుక్కునే పని మాత్రం పెద్దనాయనది. ఆయన వల్ల కాకపోతే నాది.

పొద్దున టిఫిన్ దగ్గర ఉండగానే ఫోన్. "మీ చిన్నత్త కొడుకు నలుగురి వివరాలు పంపినానంటాడు నాయనా. నా కంప్యూటర్‌లో యాడా కనపడలే. రేపు పదింటికి టికెట్లు. వచ్చి చూసిపో."

గొంతులో టెన్షన్ తెలుస్తోంది. వెళ్ళాను.

మానిటర్ అంచున ఒక కాయితం అతికించి ఉంది. పెద్దమ్మ చేతిరాత. "పచ్చది - చెన్నై. నీలం, విమానం బొమ్మ - బెంగళూరు పాప. నీలం, ఎస్ - డల్లాస్." ఈ చివరిది కొట్టేసి, కింద "ఊదా, టి - డల్లాస్" అని రాసింది. ఏ కంపెనీ వాళ్ళూ ఇంత సులువైన గైడు ఇవ్వరు. వాట్సాప్, టెలిగ్రామ్, స్కైప్, టీమ్స్ అనే పేర్లు ఆవిడకి అక్కరలేదు, ఏ రంగులో ఎవరు దొరుకుతారో తెలిస్తే చాలు.

స్కైప్‌ను 2025 మే 5న మూసేశారు. దాని బదులు టీమ్స్ వాడుకోమన్నారు. పాత స్కైప్ ఖాతాతోనే అందులోకి వెళ్తే మనుషులూ మాటలూ వచ్చేస్తాయన్నారు. పెద్దనాయన అదంతా అప్పుడే చేసుకున్నాడు. చిక్కు వేరే చోట ఉంది. రిటైరయ్యాక ఆయన ఒక కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్తున్నాడు. వాళ్ళూ ఒక టీమ్స్ ఖాతా ఇచ్చారు. అదే ఊదా బొమ్మ, అదే టి అక్షరం, లోపల మాత్రం రెండు వేరే లోకాలు. ఆయన తెరిచినప్పుడల్లా కాలేజీదే తెరుచుకుంటోంది. పైన కుడివైపు ఫొటో మీద నొక్కి సొంత ఖాతాకి మారితే, డల్లాస్ నలుగురూ పాస్‌పోర్టు నంబర్లతో సహా అక్కడే కూర్చుని ఉన్నారు.

ఇక వాట్సాప్. బ్రౌజర్‌లో ఒకటి, విడిగా దించుకున్న యాప్ ఇంకొకటి. ఒకే మెసేజ్‌కి రెండు సార్లు మోగుతుంటే, చెన్నై అత్త ప్రతిదీ రెండు సార్లు పంపుతోందని పెద్దమ్మ ఇన్నాళ్ళూ అనుకుంటోంది. ఒకదాన్ని తీసేస్తే మాటలన్నీ పోతాయేమోనని పెద్దనాయన భయం. రెండూ ఒకే ఖాతావే, ఒక ఫోన్‌కి నాలుగు దాకా అట్లా కలుపుకోవచ్చు, ఇక్కడ తీసినా ఫోన్‌లో ఉన్నవి కదలవు అని చెప్పి బ్రౌజర్‌లోది లాగవుట్ చేశాను. కంప్యూటర్ వేయగానే అన్నీ ఒకేసారి లేచి కూర్చోకుండా టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ నుంచి కొన్నిటిని ఆపాను. టెలిగ్రామ్ జోలికి పోలేదు, దాంతో ఏ పేచీ లేదు.

కాఫీ తాగుతుండగా పెద్దనాయన అడిగిన ప్రశ్నే ఇంకా బుర్రలో తిరుగుతోంది. "నా ఫోన్‌పే నుంచి నీ గూగుల్‌పేకి రూపాయి పోతుంది గదా. డబ్బే పోయేటప్పుడు, వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి ఒక మాట ఎందుకు పోదప్పా?"

బ్యాంకులో చేసిన మనిషి, అట్లాగే అడుగుతాడు మరి. డబ్బుకి మధ్యలో, దేశంలో చెల్లింపుల వ్యవస్థ నడిపే ఎన్‌పీసీఐ ఉంది, 2016లో యూపీఐ తెచ్చి అందరూ ఒకే పద్ధతిలో మాట్లాడాలని కట్టడి చేసింది. మెసెంజర్లకి అట్లాంటి పెద్దమనిషి లేడు. మనం వాడేది ఇంకో కంపెనీ వాళ్ళతో కలిసిపోతే మనల్ని కట్టి పడేసేది ఏముంటుంది వాళ్ళకి? చేతగాక కాదు. 2006లో యాహూ, ఎంఎస్ఎన్ మెసెంజర్లను కలిపారు, ఇందులోంచి అందులోకి మాటలు పోయేవి, 2012 చివర్లో ఆ దారి మూసేశారు. గూగుల్ టాక్ కూడా మొదట్లో ఎక్స్ఎంపీపీ అనే, ఏ కంపెనీ అయినా వాడుకోగల బహిరంగ పద్ధతి మీదే నడిచింది. మేము చదువుకునే రోజుల్లో పిడ్జిన్ అని ఊదారంగు పక్షి బొమ్మతో ఒక ప్రోగ్రాం ఉండేది. యాహూ, ఎంఎస్ఎన్, గూగుల్ టాక్ అన్నీ ఒకే కిటికీలో. ఎవరు ఎందులో ఉన్నారో పట్టించుకునే పనే ఉండేది కాదు. ఇరవై ఏళ్ళకి ముందుకు పోవాల్సింది వెనక్కి వచ్చామని నా లెక్క. యూరప్‌లో చట్టం చేసి, 2024 మార్చి నుంచి వాట్సాప్ లాంటివి వేరేవాళ్ళకి తలుపు తీయాలన్నారు. మనకి ఆ యోగం ఇంకా పట్టలేదు.

"మరి ఈమెయిల్?" అన్నాడు పెద్దనాయన.

ఈమెయిల్‌కి ఆ బాధ లేదు, ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకైనా పోతుంది అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే నాతో టైపు చేయించాడు. "దర్శనం వివరాలు ఇకమీదట ఈమెయిల్‌కి మాత్రమే పంపవలెను." ఆ 'వలెను' తీసేద్దామంటే ఒప్పుకోలేదు. దాన్ని అన్ని రంగుల్లోనూ పంపించాం.

కాసేపటికే డల్లాస్ బావ బొటనవేలు బొమ్మ పెట్టాడు. బెంగళూరు పాప "ఏ ఈమెయిల్ తాతయ్యా?" అని టెలిగ్రామ్‌లోనే అడిగింది. చెన్నై అత్త అవేమీ చూడకుండా ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి ఆధార్ నంబర్లు ఒక్కొక్క అంకె చదివి చెప్పింది. పెద్దమ్మ పాల లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది. అందరికంటే ముందు సిద్ధమైన వివరాలు అవే.