కరకట్ట మీద నుంచి మెరుపు మబ్బు: నా అనుభవం

మే నెల వచ్చిందంటే ఎవరో ఒకరు ఫోన్లో ఫోటో చూపించి "ఇది నాక్టిలూసెంట్ మబ్బేనా (రాత్రి వెలిగే మబ్బు) అండీ?" అని అడుగుతారు. కాదండీ, విజయవాడ నుంచి అది కనపడే వీల్లేదు. ఆ మబ్బు సుమారు 83 కిలోమీటర్ల ఎత్తున, వేసవిలో మైనస్ 120 డిగ్రీల కంటే చల్లబడే పొరలో, మంచు రేణువులతో ఏర్పడుతుంది. 50 నుంచి 65 డిగ్రీల అక్షాంశాల్లో ఉన్నవాళ్లకు బాగా కనిపిస్తుంది. మనది పదహారున్నర. అంత ఎత్తున ఉన్నదైనా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం దాటితే దిగంతం కిందికి దిగిపోతుంది. అంటే ఉత్తరాన మన చూపు 26వ అక్షాంశం దగ్గరే ఆగిపోతుంది. లక్నో మీది ఆకాశం కూడా మనకు అందదు.

మరి ఫోటోలో ఉన్నదేమిటంటే, చాలాసార్లు క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) తల. కమ్మరి దాగలిలా పైన బల్లపరుపుగా పరుచుకున్న తల 15 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, మనకు పొద్దుగూకాక కూడా దానికి మరో పావుగంట ఎండ తగులుతుంది. పడమటి మబ్బుకైతే ఇంకాస్త ఎక్కువ. మే చివర్లో ఇక్కడ సూర్యాస్తమయం 6.40 ప్రాంతంలో. కాబట్టి 7.15 దాటాక ఇంకా వెలుగుతున్న మబ్బుకు ఎండతో పనిలేదు. అది ఊరి లైట్ల వెలుగు, లేదా వెన్నెల, లేదా లోపలి మెరుపు. నేను వెళ్లేది ఈ ఆఖరిదాని కోసం.

మధ్యాహ్నం మూడు నుంచే మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రాలు చూస్తుంటాను. ఖమ్మం, సూర్యాపేట వైపు మబ్బు ముద్దలు పుట్టి 45 డీబీజెడ్ (రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలం) దాటుతున్నాయంటే ట్రైపాడ్ బయటికి తీయొచ్చు. అలాగని మబ్బు మన నెత్తిమీదికి రావాలని కోరుకోకూడదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసే మొదటి తప్పు అదే. నెత్తిమీదికి వస్తే కనపడేది బూడిదరంగు కప్పు ఒక్కటే, పైగా ప్రాణభయం. ఖమ్మం మీద, అంటే వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే అదే మబ్బు దిగంతం నుంచి 8 డిగ్రీల ఎత్తున నిలబడుతుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే దానికంటే కాస్త తక్కువ. మొదలు నుంచి తల దాకా మబ్బు మొత్తం ఒక్క ఫ్రేములో పడుతుంది.

ట్రైపాడ్ ప్రకాశం బ్యారేజీ మీద పెట్టకండి. బండి వెళ్లిన ప్రతిసారీ ట్రైపాడ్ వణుకుతుంది, లైట్లు నేరుగా లెన్సులోకి కొడతాయి. ఉండవల్లి దాటాక కృష్ణా కరకట్ట మీద చోటు చూసుకుని, నదికి ఎగువన వాయవ్యానికి తిరిగి నిలబడితే ముందు నీళ్లు, వెనక చీకటి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను అక్కడికెళ్లగానే తెరిస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. అందుకని బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ఆగుతాను.

ఫోకస్ దగ్గరే ఎక్కువ ఫోటోలు పోతాయి. చీకట్లో ఆటోఫోకస్ వెతుక్కుంటూనే ఉంటుంది, ఈలోగా మెరుపు అయిపోతుంది. నేను మాన్యువల్‌లో పెట్టి, ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాల వైపు ఒక లైటు పట్టుకుని, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పది రెట్లు పెద్దది చేస్తాను. లెన్సు ఫోకస్ రింగు తిప్పుతుంటే ఆ లైటు చుక్క పెద్దదై, చిన్నదై, మళ్లీ పెద్దదవుతుంది. అతి చిన్నగా ఉన్నచోట ఆపి రింగు మీద కాగితం టేపు అంటిస్తాను. అనంతం గుర్తు దాకా తిప్పి వదిలేస్తే చాలనుకుంటారు గానీ చాలా లెన్సుల్లో రింగు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతుంది.

ఏపీఎస్‌సీ అనే చిన్నసైజు సెన్సరు మీద 35 ఎంఎం లెన్సు, ఎఫ్/4 (లెన్సు రంధ్రం, అంటే అపెర్చర్), ఐఎస్‌ఓ 800 (సెన్సరు సున్నితత్వం), 10 సెకన్లు, రా (ముడి) ఫైలు, వైట్ బ్యాలెన్స్ (రంగు సర్దుబాటు) 4000 కెల్విన్. నా మొదలు ఇది. ఇక్కడ ఒకటి అర్థం చేసుకుంటే మిగతా అంతా తేలిక: మెరుపు సెకనులో చిన్న ముక్క. షట్టర్ పది సెకన్లు తెరిచినా ఇరవై తెరిచినా ఆ మెరుపుకు అదనంగా వచ్చే వెలుగేమీ లేదు. మెరుపు ఎంత ప్రకాశంగా పడాలో అపెర్చర్, ఐఎస్‌ఓ తేలుస్తాయి. వెనక ఆకాశం ఎంత తేలాలో సెకన్లు తేలుస్తాయి. మబ్బు మధ్య తెల్లగా కాలిపోతే సెకన్లు తగ్గించి లాభం లేదు, ఎఫ్/5.6కో ఎఫ్/8కో వెళ్లి రంధ్రం చిన్నది చేయాలి. ఆకాశం నారింజ రంగుకు తిరిగితే అప్పుడు సెకన్లు తగ్గించాలి. ఊళ్లో కరెంటు పోతే మాత్రం (ఈదురుగాలికి పోవడం మామూలేగా) ఆ లెక్క మారుతుంది, 15 సెకన్ల దాకా పోవచ్చు.

మెరుపు చూసి నొక్కితే అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇంటర్వెల్ టైమరు పెట్టి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఒక్క సెకను వదిలి, వరుసగా తీయనివ్వాలి. గంటకు 327 ఫ్రేములు. ఒక్కోటి 25 ఎంబీ అనుకుంటే 8 జీబీ. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో తర్వాత అంతసేపూ మూసిన షట్టర్‌తో ఇంకో నల్ల ఫ్రేము తీసుకుంటుంది. నేను మరిచిపోయిన రోజున సగం మెరుపులు ఆ నల్ల ఫ్రేముల్లో పోయాయి. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (వణుకును సరిచేసే ఏర్పాటు) కూడా ఆపాలి. కెమెరా బెల్టు గాలికి కొట్టుకోకుండా విప్పి జేబులో పెట్టుకోవాలి.

ఫోనుతో తీసేవాళ్లకు నైట్ మోడ్ వద్దు. అది నాలుగైదు ఫ్రేములు కలిపి సగటు చేసేటప్పుడు మెరుపును చెరిపేయొచ్చు. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 400, 8 సెకన్లు సరిపోతాయి. వీడియో తీసి ఫ్రేము లాగితే కొన్నిసార్లు సగం మబ్బు వెలిగి సగం నల్లగా వస్తుంది. ఫోను పాడైందనుకోకండి. సెన్సరు వరుస తర్వాత వరుస చదువుతుంది కాబట్టి మెరుపు మధ్యలో దొరికిపోయింది, అంతే.

ఉరుము వినపడితే సంగతి వేరు. మెరుపు నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్ల లోపు వచ్చిందంటే పది కిలోమీటర్లలోకి వచ్చేసింది; ఇంకో ఫ్రేము అనకుండా ట్రైపాడ్ మడిచి కారెక్కాలి. కట్ట మీద ఎత్తయింది మనమే, పక్కన ఉంటే తాడిచెట్టు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి గానీ చెవిని నమ్మండి. వానకు ముందే దుమ్ముతో గాలి వస్తుంది, ట్రైపాడ్‌ను పడగొట్టేది ఆ మొదటి విసురే. ట్రైపాడ్ నడిమి కొక్కేనికి బ్యాగు తగిలించి, కాళ్లు చివరిదాకా లాగకుండా పెడతాను.

ఇంటికొచ్చి ఒకే మబ్బు ఫ్రేములు కలిపేటప్పుడు, ఒక్కోచోట ఎక్కువ వెలుగున్నదాన్నే ఉంచే లైటెన్ మోడ్‌లో వరుసగా నాలుగు మించనివ్వను. అంతకు మించితే మబ్బు అంచులు పొంగి చెదిరి పత్తి పింజలా కనిపిస్తాయి. మూడొందల్లో ఐదో ఆరో నిలుస్తాయి. మిగతావి ఆ రాత్రే తీసేస్తాను, లేకపోతే మర్నాటి మబ్బుకు కార్డులో చోటుండదు.