ఎవరూ చూడని సాయంత్రం నంబర్లు

షుగర్ వచ్చిందని తెలిసిన రోజు నాకు పెద్దగా భయం వేయలేదు. మందులు రాస్తారు, వేసుకుంటాను, అదుపులోకి వస్తుంది అనుకున్నాను. భయం తర్వాత వచ్చింది. అది జబ్బు తెచ్చిన భయం కూడా కాదు, మందు తెచ్చింది. ఇప్పుడది సర్దుకుంది కాబట్టే రాయగలుగుతున్నాను. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, మధ్యమధ్యలో బయటపడితే చదివేవాళ్లు మన్నించాలి.

మొదటి భాగం చాలామందికి జరిగేదే. ఎంత తాగినా తీరని దాహం, రాత్రిళ్లు పదే పదే లేవడం, ఊరికే బరువు తగ్గిపోవడం, చూపు మసకబారడం. పరీక్ష చేయిస్తే పరగడుపున 212. పరగడుపున 100 లోపుంటే మామూలు, 126 గానీ అంతకు మించి గానీ ఉంటే డయాబెటిస్, ఆ మధ్యలో ఉంటే ముందస్తు దశ. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతానికి చేరితేనే షుగర్ అంటారు, నాకు 9.4 వచ్చింది. ఇక వాదించడానికి ఏముంది? డాక్టరుగారు మెట్‌ఫార్మిన్, దానితో పాటు గ్లిమెపిరైడ్ అనే మాత్ర రాశారు. కొన్ని నెలల్లో దాహం పోయింది, చూపు తేటపడింది. అందుకు ఆయనకు నేను రుణపడే ఉన్నాను. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదంతా ఆయన మీద కోపమే.

ఆ రెండో మాత్ర ఎలా పనిచేస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం విడుదల చేసే గ్లూకోజును తగ్గిస్తుంది. అదొక్కటే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం చాలా అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. రక్తంలో గ్లూకోజు ఎక్కువున్నా తక్కువున్నా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. మనిషి సరిగా తినకపోయినా, వాంతులైనా, మామూలు కంటే ఎక్కువ శ్రమ పడినా అది తన పని తాను చేసుకుపోతుంది. ఇది చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం నాకు దొరకలేదు.

ఇంట్లో చూసుకునే మిషన్ మా అమ్మాయి కొనిచ్చింది. వేలికి సూది గుచ్చుకోవాలంటే మొదట్లో టెన్షన్‌గా ఉండేది, తర్వాత అలవాటైంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, టైము, తినకముందా తిన్నాకా, ఎంత వచ్చింది అని రాసుకునేదాన్ని. నెలలు గడిచేకొద్దీ ఆ పుస్తకంలో ఒక సంగతి కనిపించసాగింది. పొద్దున నంబరు 140, 150 దగ్గరే ఉండిపోతోంది. రాత్రి భోజనానికి ముందు నంబరు మాత్రం దిగుతూ వస్తోంది. 104, 92, 84, తర్వాత 76. ఆ సమయంలో చేతులు కొంచెం వణికేవి, చిరాకు వచ్చేది. ఇంట్లో వాళ్లు ఆకలి వల్లేమో అనేవారు.

తర్వాతిసారి వెళ్లినప్పుడు పుస్తకం డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ల్యాబ్ రిపోర్టు తీశారు. పరగడుపున 148 ఉంది. పుస్తకాన్ని వేలితో పక్కకు జరిపి, "ఇవన్నీ మిమ్మల్ని ఎవరు చూడమన్నారు? ఆ మిషన్లు ఎటుపడితే అటు చూపిస్తాయి. ల్యాబ్ రిపోర్టు ఒక్కటి చాలు" అన్నారు. సాయంత్రం కూడా ఒక గ్లిమెపిరైడ్ కలిపారు. "సాయంత్రాలు తగ్గుతోందండీ" అని నేనంటే, "తగ్గడానికేగా మందు ఇస్తున్నది" అని నవ్వారు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. నేను లేచి వచ్చేశాను.

ఆ రాత్రి ఎప్పుడు తలుచుకున్నా గొంతు పట్టేస్తుంది. కడుపు పాడై పొద్దుటి నుంచి సరిగా తినలేదు. రాసిచ్చిన ప్రకారం సాయంత్రం మాత్ర వేసుకుని పడుకున్నాను. అక్కడి నుంచి నాకు ముక్కలుముక్కలుగానే గుర్తుంది. చెమటకి దిండు తడిసిపోయింది. ఎవరో చాలా దూరం నుంచి నా పేరు పిలుస్తున్నారు. జవాబివ్వాలని ఉంది, మాట ఏదో తెలియడం లేదు. మా వారు తర్వాత చెప్పారు, నేను పొంతన లేకుండా గొణుగుతున్నానట, చెయ్యి పట్టుకోబోతే తోసేశానట. ముందు పీడకల అనుకున్నారు. తర్వాత పక్షవాతమేమోనని భయపడి అమ్మాయిని లేపారు.

ఆ పిల్ల ముందు మిషన్ తెచ్చింది. నా వేలు పట్టుకుని గుచ్చింది. 41.

"నాన్నా, షుగర్ పడిపోయింది, అమ్మని లేపి కూర్చోబెట్టు" అన్న దాని గొంతు నాకు స్పష్టంగా గుర్తుంది. మింగగలుగుతున్నానో లేదో చూసుకుని, పంచదార కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా పట్టించింది. పావుగంటకి 58. మళ్లీ పట్టించింది. ఇంకో పావుగంటకి 83. అప్పటికి నాకు మనుషులు మనుషుల్లా కనబడ్డారు. గండం గడిచిందని మా వారు గోడకానుకుని కూర్చుండిపోయారు. అమ్మాయికి మాత్రం నమ్మకం కలగలేదు. గంట తర్వాత మళ్లీ చూస్తే 62. ఇక ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అది ఎంత సరైన పనో తర్వాత అర్థమైంది. ఆ మాత్ర ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. పంచదార ఇచ్చింది కాసేపే నిలుస్తుంది, మందు మళ్లీ కిందికి లాగుతుంది. ఇలాంటి మందు వల్ల షుగర్ అంతగా పడినప్పుడు ఒకసారి లేచిందని తృప్తిపడి నిద్రపోతే, ఆ నిద్రలోనే మళ్లీ పడిపోవచ్చు. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు సెలైన్ ఎక్కించి, మర్నాడంతా గంటగంటకీ చూస్తూ ఆసుపత్రిలోనే ఉంచారు.

అత్యవసర విభాగంలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు నా కూతురి వయసు కంటే నాలుగైదేళ్లు ఎక్కువుంటాయేమో. అమ్మాయి ఎందుకు తెచ్చిందో గానీ నా నోటుపుస్తకం కూడా తెచ్చింది. ఆ డాక్టరమ్మ నిలబడే పేజీలు తిప్పింది. సాయంత్రం నంబర్ల దగ్గర ఆగింది. "అమ్మా, ఇంత స్పష్టంగా రాసి ఉంది, ఇది ఎవరికీ చూపించలేదా?" అంది. చూపించానని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. దేవుడు ఏ రూపంలో వస్తాడో నాకు తెలియదు, ఆ రాత్రి మాత్రం నిద్ర లేని కళ్లతో, మెడలో స్టెతస్కోపుతో వచ్చాడనే నమ్ముతాను.

కోలుకున్నాక మొదటి డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది చెబితే, "ఒక్కోసారి అలా అవుతుంది లెండి, సాయంత్రం మాత్ర ఆపేయండి" అన్నారు. తప్పు జరగడం కంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిరిగి ఆయన దగ్గరికి వెళ్లలేదు.

కొత్త డాక్టరుగారి దగ్గర షుగర్ పేషెంట్లకి నేర్పడానికే ఒక నర్సు ఉన్నారు. మిషన్ నిజంగా ఏం చేస్తుందో ఆవిడే చెప్పారు. స్ట్రిప్పు మీద ఉన్న ఎంజైము రక్తంలోని గ్లూకోజుతో చర్య జరిపితే అతి చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది, దాన్ని కొలిచి మిషన్ నంబరుగా చూపిస్తుంది. మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013లో సవరించిన దాని ప్రకారం 100 పైన ఉన్న రీడింగుల్లో 95 శాతం, ల్యాబ్ విలువకు అటూ ఇటూ 15 శాతంలోపు ఉండాలి. 100 లోపైతే 15 పాయింట్లలోపు. అంటే ల్యాబులో 130 ఉన్నప్పుడు ఇంట్లో 118 రావచ్చు, 142 రావచ్చు. దానికి కంగారు పడక్కర్లేదు. కానీ రోజుల తరబడి ఒకే సమయంలో నంబర్లు దిగుతూ ఉంటే, దాన్ని మిషన్ పొరపాటని ఎవరైనా ఎలా కొట్టిపారేస్తారు? ల్యాబు మాత్రం తప్పు చేయదా? తీసిన రక్తం నుంచి కణాలను వేరు చేయకుండా అలాగే ఉంచితే ఆ కణాలే గ్లూకోజు తినేస్తాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ఈ విషయం తెలిసినప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో.

మిషన్ తప్పు చూపించే సందర్భాలూ ఆవిడ చెప్పారు. పండు ఒలిచిన చేత్తో పరీక్ష చేసుకుంటే వేలి మీది చక్కెర కలిసి నంబరు ఎక్కడికో పోతుంది, అందుకే ముందు చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే తేమకి పాడవుతాయి, గడువు తేదీ దాటినవి వాడకూడదు. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండకూడదు. కొసన కాకుండా వేలి పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. సూది ఎప్పటికప్పుడు కొత్తది, ఇంట్లో వాళ్లదైనా సరే ఇంకొకరు వాడకూడదు.

"ఇవన్నీ ఎవరు చూడమన్నారు" అన్న మాట మనసులో నుంచి పోక, ఈ మిషన్ల చరిత్ర చదివాను. మొదట్లో ఇవి డాక్టర్లకూ ఆసుపత్రులకూ తప్ప రోగులకి అమ్మేవారు కాదట. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకి చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం. 1969లో ఆయన తన భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరు మీద ఒక మిషన్ తెప్పించుకుని, రోజూ పలుమార్లు చూసుకుంటూ తన ఇన్సులిన్ తానే సర్దుకున్నాడు. ఒంట్లో మార్పు తెలిసింది. వ్యాసం రాస్తే వైద్య పత్రికలు తిప్పి పంపాయి. దాంతో నలభై అయిదేళ్ల వయసులో మెడికల్ కాలేజీలో చేరి డాక్టరయ్యాడు. ఆ తర్వాత 1993లో వెలువడిన పెద్ద అధ్యయనం, టైప్ 1 వాళ్లలో షుగర్‌ని గట్టిగా అదుపు చేస్తే కళ్లు, కిడ్నీలు, నరాల దెబ్బ బాగా తగ్గుతుందని తేల్చింది. ఇన్సులిన్ సర్దుకోవడానికి వాళ్లు రోజుకి నాలుగుసార్లయినా ఇంట్లో పరీక్ష చేసుకున్నారు. అదే అధ్యయనంలో తీవ్రంగా షుగర్ పడిపోవడం దాదాపు మూడింతలైంది. ఈ రెండో సంగతి కూడా డాక్టర్లందరికీ తెలుసు. తెలిసీ నా పుస్తకం పక్కకు జరిగింది.

పొద్దున నంబరు ఎందుకు తగ్గడం లేదో కూడా తేలింది. చేతికి అంటించే సెన్సరు కొన్నాళ్లు పెట్టారు. అది కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును చూస్తుంది కాబట్టి వేలి రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, కానీ నిద్రలో జరిగేది కూడా గీతలా చూపిస్తుంది. నాకు అర్ధరాత్రి దాకా తక్కువే ఉండి, తెల్లవారుజామున నాలుగు నుంచి పైకి లేస్తోంది. ఆ వేళకి కార్టిసోల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరిగి కాలేయం చేత గ్లూకోజు వదిలిస్తాయట. ఆ 148 చూసి సాయంత్రం మందు పెంచితే అది తెల్లవారేదాకా ఆగదు కదా, అర్ధరాత్రే పడగొడుతుంది. నా విషయంలో జరిగింది అదే.

ఇప్పుడు గ్లిమెపిరైడ్ పూర్తిగా మాన్పించారు. దాని బదులు ఇచ్చినది గ్లూకోజు పెరిగినప్పుడే పనిచేసే రకం. హెచ్‌బీఏ1సీ 7.1కి వచ్చింది. రోజూ గుచ్చుకోవద్దన్నారు. మెట్‌ఫార్మిన్ లాంటివి మాత్రమే వాడుతూ నిలకడగా ఉన్నవాళ్లకి రోజూ చూసుకోవడం వల్ల పెద్ద లాభం లేదట. మందు మారినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు, అప్పుడప్పుడు భోజనానికి ముందూ, మొదలుపెట్టిన రెండు గంటలకూ జంటగా చూసుకుంటే చాలన్నారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లు తరచుగా చూసుకోవాల్సిందే.

మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. 70 కంటే తగ్గితే అది లో షుగర్. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు గానీ పంచదార గానీ ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడేవాళ్లకి గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. వాంతులై తినలేని రోజున ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఆ రోజు వచ్చాక కాకుండా, ముందే డాక్టరుని అడిగి రాయించుకోండి. మిషన్ వాడటం పేషెంటుతో పాటు ఇంకొకరికి కచ్చితంగా రావాలి. మా అమ్మాయికి రాకపోయి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

సాయంత్రం నంబర్లున్న పేజీలు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జిరాక్స్ తీయించి మొదటి డాక్టరుగారికి పంపాను. తిట్టలేదు. "ఇంటి నుంచి నంబర్లు రాసుకొచ్చినవాళ్లని ఎవరు చూడమన్నారని అడగకండి, ఒక్క నిమిషం చూడండి" అని మాత్రం రాశాను. జవాబు రాలేదు. ఈ మధ్య ఆయన దగ్గరికే వెళ్లే మా బంధువు ఒకావిడ, "నోటుపుస్తకం తెచ్చారా అని అడిగారు వదినా" అని చెప్పింది.